చల్లారిన కాఫీ

రాజమండ్రి,
12-3-2001.

అమ్మకు నమస్కారాలతో గణేష్‌బాబు రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, తమ్ముడు హరీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

భోజనం గురించి అడిగావు. మెస్సులో పులుసు నీళ్ళలా ఉంటుంది గాని తింటున్నాను. క్రైస్తవంలో చేరితే నా పేరు మార్చక్కర్లేదట, కావాలంటే ఒక పునీతుడి, అంటే సెయింటు, పేరు చేర్చుకోవచ్చట. "నెత్తిన నీళ్ళు పోయించుకోడానికి ఏడాది చదువెందుకురా" అన్నావు. నేనూ అదే అడిగి పోట్లాడాను. ఆదివారం చర్చిలో పూజయ్యాక మాకు పాఠం చెప్పే ఉపదేశి రాయప్పగారు రిటైరైన మేస్టారు. "కరపత్రాలన్నీ చదివేశానండి, నాకన్నీ వచ్చు" అన్నాను. "అన్నీ వచ్చినోడివి, ఆ చెప్పులు వరసలో విడవడం రాలేదేంటయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు.

వచ్చే నెల పాస్కా పండక్కి, అదే ఈస్టరుకి, మాకు జ్ఞానస్నానం. దానికి ముందు నిన్న ఫాదర్‌గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎవరితోనైనా మాటల్లేకుండా ఉన్నావా అని అడిగారు. కార్తీకంలో నాన్నకు తలకొరివి పెట్టనని మొండికేసిన సంగతి, అప్పట్నుంచీ హరి నాతో మాట్లాడని సంగతీ చెప్పాను. పెద్ద త్యాగం చేసినట్టే చెప్పాను.

"పెట్టొద్దని ఎవరు చెప్పారయ్యా?"

"బస్టాండులో పంచిన కరపత్రంలో ఉందండి."

"రాయప్పగారు చెప్పారా?"

"లేదండి."

"నన్నడిగావా?"

"లేదండి."

"ముందు ఇంటికెళ్ళి మీ అమ్మగారితో, తమ్ముడితో మాట్లాడిరా. పండక్కి నీ పేరు రాయాలో వద్దో తర్వాత చూద్దాం" అన్నారు.

నాకు కోపం రావాలి. రాలేదు. గుడి మెట్ల మీద కూర్చుని, చెప్పు తెగిందని చూసుకున్నాను, అంతే. నాన్న పోయినప్పటి నుంచీ ఇలాగే ఉంది.

అమ్మా, అసలు సంగతి ఫాదర్‌గారికీ చెప్పలేదు. ఆ పొద్దున అరుగు మీద నాన్న కొలిచే దేవుళ్ళను పట్టుకుని నానా మాటలూ అరిచాను. నీకు వినపడే ఉంటుంది. నాన్న మాత్రం "కాఫీ చల్లారిపోతోందిరా, తాగు" అన్నారు. తాగకుండా బస్సెక్కాను. మధ్యాహ్నానికి నాన్న పోయారని కబురొచ్చింది. ఆ ముఖం దగ్గరకు నిప్పు పట్టుకుని వెళ్ళడానికి నాకు భయం వేసింది. ఊరందరి ముందూ దానికి విశ్వాసమని పేరు పెట్టాను. పదిహేడేళ్ళ హరి తలకొరివి పెట్టడం దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను.

శనివారం వస్తాను. వాడు లోపలికి రమ్మనకపోతే అరుగు మీదే కూర్చుంటాను. నువ్వు కాఫీ పంపించు. తాగుతాను.

ఇట్లు,
నీ పెద్దోడు,
గణేష్‌బాబు