రోవెనా గార్త్ యాభయ్యో వర్ధంతి

ఏప్రిల్ 6, ఆదివారం

పబ్‌లో కమిటీ సమావేశం. మా ఊరి గాయని రోవెనా పోయి జూన్ పద్నాలుగుకి యాభై ఏళ్లు. క్లిఫర్డ్ అధ్యక్షుడు, నేను కార్యదర్శిని, మిగతావాళ్లు తలాడించడానికి. ఈసారి రేడియోవాళ్లు వస్తారట. క్లిఫర్డ్ అప్పుడే కొత్త టై కొనేశాడు.

అంతా ఎప్పటిలాగే. పొద్దున చర్చి వెనక సమాధి మీద పువ్వులు. తర్వాత ఆమె పాట పాడుకుంటూ నదికి నడిచి, కట్టుబట్టలతో మడుగులోకి నడుం లోతు దిగడం. ఆమె పోయిన మడుగే. ప్రేమించినవాడు కాదన్నాడని, ఇరవై ఏడేళ్ల పిల్ల ఏడుస్తూ నీళ్లలోకి నడిచిపోయిందని కథ. ఆ కథ కోసం జపాన్ నుంచి కూడా వస్తారు.

కథ అనే రాస్తున్నాను. దీన్ని చదివేవాళ్లెవరూ లేరు. ఆ రోజు ఒడ్డున ఆమె కోటు పట్టుకుని నిలబడింది నేను. రోవెనా ఏడవలేదు. బేకన్ శాండ్‌విచ్ తిని, వేళ్లు నాక్కుని, నీళ్లెంత చల్లగా ఉన్నాయో చూద్దాం, కోటు పట్టుకో అని నవ్వుతూ దూకింది. మళ్లీ పైకి రాలేదు. ఏడుపూ ప్రియుడూ పేపర్లవాళ్లు పెట్టినవి.

ఏప్రిల్ 19, శనివారం

ఒకామె వచ్చింది. డీనా మార్స్‌డెన్. లీడ్స్‌లో బస్సు డ్రైవర్. యాభై దాటాయి. తను రోవెనా కూతుర్నట. పుట్టగానే దత్తత ఇచ్చేశారట.

క్లిఫర్డ్ ఆమెను పబ్‌లో అందరి మధ్యా కూర్చోబెట్టాడు.

"ఏదీ, ఒక పాట పాడమ్మా, విందాం" అన్నాడు.

"నాకు పాడడం రాదండీ."

"రోవెనా కూతురివి. పాడడం రాదు."

"మా అమ్మకి బస్సు నడపడం వచ్చా ఏంటి" అంది.

ఎవరూ నవ్వలేదు. పాడేదాకా వదల్లేదు. ఆ గొంతు వింటూ కమిటీలోని పాలీన్ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది, మిగతావాళ్లూ నవ్వారు. డీనాకి ఆ సంగతి కనిపిస్తూనే ఉంది. అయినా చరణం పూర్తి చేసే కూర్చుంది.

ఆమె వచ్చింది ఒక్క మాట అడగడానికి. ఈ మధ్య ఉన్నట్టుండి స్పృహ తప్పుతోందట. బస్సు ఎక్కనివ్వడం లేదు. మీ అమ్మ దేనితో పోయిందని డాక్టరు అడుగుతున్నాడట. తెలిస్తే మీకే తెలియాలన్నారు, అందుకని వచ్చానంది.

"దిగులుతో పోయింది. అది మందులకి లొంగేది కాదులే" అన్నాడు క్లిఫర్డ్.

వెళ్తూ తలుపు దగ్గర కోటు తొడుక్కుంది. ఎడం చెయ్యి ముందు దూర్చి, మెడ పక్కకి వాల్చి. కోటు అలా వేసుకునే మనిషిని ఇంతకుముందు ఒక్కరినే చూశాను, రోవెనాని.

ఏప్రిల్ 20

అబద్ధమైతే బాగుండును.

మే 3, శనివారం

రోవెనా అక్క ఏవిస్ దగ్గరికి వెళ్లాను. ఎనభై రెండేళ్లు. మా సభ మొహం ఎన్నడూ చూడలేదు. ఆ బస్సు ఆవిడ దొంగ అని ఆమె నోట అనిపించుకు రమ్మని క్లిఫర్డ్ పంపాడు.

నా ఫోన్‌లో డీనా ఫొటో చూసింది. టీ చల్లారిపోయేదాకా చూసింది.

"మా పిల్లే" అంది. "మా నాన్న ఊరికి తెలియకుండా ఇచ్చేయించాడు. పడిపోతోందా?"

పడిపోతోందట అన్నాను.

"మా అమ్మ స్కార్బరోలో సముద్రంలోకి దిగి పోయింది. మా పిన్నీ అంతే. రోవెనా అంతే. మా ఇంటి గుండెలు చల్లనీళ్లు తగిలితే ఆగిపోతాయి. అందుకే నాకిది పెట్టారు." జాకెట్ కాస్త జరిపి భుజం కింద ఉబ్బెత్తుగా ఉన్న గుండె మిషన్ చూపించింది. "ఆ పిల్లకి ఇవాళే చెప్పు. నది ఛాయలకి రానీకు. నాకు ఫోన్ చెయ్యమను."

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం అన్నాను.

"మీరెప్పుడు అడిగారు? మీకు ఏడ్చే రోవెనా కావాలి. తిని తిరిగే రోవెనా ఎవడిక్కావాలి?"

మే 4, ఆదివారం

క్లిఫర్డ్‌కి చెప్పాను.

"గుండెజబ్బా? గుండెజబ్బుకి జపాన్ నుంచి ఎవడొస్తాడు, ఎనిడ్?" అన్నాడు. మళ్లీ తనే, "కూతురు మాత్రం మంచిదే. రేడియోకి పనికొస్తుంది. మిగతాది జూన్ వెళ్లాక చెబుదువుగాని" అన్నాడు.

సరే అన్నాను.

డీనా నంబర్ నా దగ్గరుంది. ఫోన్ తీశాను, పెట్టేశాను. కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరైనా ముందు నన్నే చూపిస్తారు, రోవెనాని ఆఖర్న చూసింది ఈవిడేనని. నా చెయ్యి ముట్టుకుని వెళ్తారు. రేపు కూతురొచ్చి నిలబడితే నన్నెవరు చూస్తారు?

మే 22

డీనాయే ఫోన్ చేసింది. క్లిఫర్డ్ సభకి పిలిచాడట. సంతోషపడుతూనే ఏడ్చింది.

"మా అమ్మ కావాలనే చచ్చిపోయిందా, ఎనిడ్ గారూ? నన్నిచ్చేసిన దిగులుతోనేనా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. మీ అమ్మ చాలా సున్నితమైన మనిషి అన్నాను.

జూన్ 13

రేపు చెబుతాను. సమాధి దగ్గర, పక్కకి పిలిచి.

జూన్ 14, మధ్యాహ్నం

సమాధి దగ్గర కుదరలేదు. ఆమె చుట్టూ జనం. క్లిఫర్డ్ ఆమె భుజం మీద చెయ్యేసి, మా రోవెనా కూతురు అంటూ మైకు ముందు ఏడ్చాడు. పాలీన్ ఆమె చేతులు ముద్దు పెట్టుకుంది. మా ఇంటికి భోజనానికి రావాలంది.

మడుగు దగ్గర డీనా తటపటాయించింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు దిగకు. నీళ్లు చాలా చల్లగా ఉంటాయి."

"అంతేనా?" అని నవ్వింది.

అంతే కాదు. నోరు తెరిచాను. రేడియో అమ్మాయి మైకు నా గడ్డం కింద పెట్టింది. క్లిఫర్డ్ నా వంక చూశాడు.

"మీ అమ్మ జంకలేదమ్మా" అన్నాడు డీనాతో.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఏప్రిల్‌లో నవ్విన మొహాలే. వాళ్లలో కలిసిపోవాలని ఎంత ఆశ పడుతోందో మొహంలో తెలుస్తోంది. చెయ్యి విడిపించుకుని దిగింది.

నడుం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. వణుకుతూ నవ్వింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలిపోయింది. అది భక్తి అనుకున్నారు. నలుగురైదుగురు తామూ అలాగే వాలారు. వాళ్లు లేచారు.

ఒడ్డుకి లాగి గుండె మీద నొక్కుతుంటే, వెనకున్నవాళ్లు విషయం తెలియక పాట సాగిస్తూనే ఉన్నారు.

అంబులెన్స్ వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

జూన్ 16

ఏవిస్ ఫోన్ చేసింది.

"చెప్పావా?"

చెప్పానన్నాను. వినలేదన్నాను.

"అచ్చం రోవెనా. అదీ ఎవరి మాటా వినేది కాదు" అని పెట్టేసింది.

సెప్టెంబర్ 9

విచారణ. గుండె ఆగిందన్నారు, ఎందుకో తేలలేదన్నారు. మీకెవరికైనా ముందు తెలుసా అని అడిగారు. తెలియదన్నాడు క్లిఫర్డ్. నేనూ అదే అన్నాను. ఏవిస్ ఆసుపత్రిలో ఉందట, రాలేదు.

బయటికి వచ్చాక క్లిఫర్డ్ నాకు టీ, కేకు తెచ్చిపెట్టాడు. తిన్నాను.

మరుసటి ఏడాది జూన్ 14, ఆదివారం

ఇసుక వేస్తే రాలనంత జనం. తల్లిని వెతుక్కుంటూ నీళ్లలోకి నడిచిపోయిన కూతురి కోసం వచ్చారు. మడుగులోకి దిగేముందు ఇద్దరి పేర్లూ చదవాలి. డీనా ఆఖర్న మాట్లాడింది నాతోనేనని మైకు నాకే ఇచ్చారు.

బాగా చదివాను.