మళ్ళీ మొదటి నుంచి

శుక్రవారం, సైనిక్‌పురి

ఒక్క అక్షరం తప్పు కోసం ఇవాళ పొద్దున్నే మూడుసార్లు సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని మొదటి నుంచి బిల్డ్ చేయించాడు మా టీమ్ లీడ్ శ్రీధర్. కోడ్ కంపైల్ కావడానికే నలభై నిమిషాలు పడుతుంది. అందులో ఏ తప్పూ లేదు. తప్పంతా చివర్లో, ఫైళ్ళను ప్యాకేజీలో సర్దే స్క్రిప్టులో ఉంది. కంపైల్ అయినదాన్ని అలాగే ఉంచి ఆ చివరి దశ ఒక్కటే నడిపితే రెండు నిమిషాల పని. ఆఫీసుకు వెళ్ళీ వెళ్ళగానే చెప్పాను. వింటేనా!

"గట్ల నడ్వదు మేడమ్. అంత డిలీట్ కొట్టి మొదటికెల్లి షురూ చేయుండ్రి. గప్పుడే భరోసా."

దేనికి భరోసా? స్క్రిప్టులో ఫోల్డర్ పేరు సరిచేస్తే కోడ్ పాడైపోతుందా? రిలీజ్‌కు ముందు ఒకసారి మొత్తం చేయమంటే నేనూ కాదనను. తప్పు వెతికేటప్పుడు కూడానా!

ఆయన భోజనానికి వెళ్ళగానే చివరి దశ ఒక్కటే నడిపాను. తప్పు దొరికింది. తిరిగొచ్చి ఏమన్నాడు? "చూసిన్రా మేడమ్, మొదటికెల్లి చేస్తెనే దొరికింది!" ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే సాయంత్రం మెట్టుగూడ చర్చిలో క్వాయర్‌కు ప్రాక్టీసు చేయించడానికి వెళ్ళాను. ఆఖరి చరణం ఆఖరి లైన్లో కింది స్వరం పాడే ఆల్టోలు శ్రుతి తప్పారు. మళ్ళీ మొదటి నుంచి పాడమన్నాను. మూడోసారికి ఆల్టోల్లో పాడే విమలాంటీ పాటల పుస్తకం మూసేశారు.

"గా ఒక్క లైను తప్పితే పాటంత ఎందుకు బిడ్డా? గొంతులు పోతున్నయ్."

"మొదటి నుంచి పాడితేనే భరోసా ఆంటీ" అన్నాను.

భరోసా. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు.