ఎడమ కిటికీ దగ్గర నుంచి

స్ప్రూస్ కొండ, ఆరో క్యాంపు
21 అక్టోబరు 1923, ఆదివారం

లవీనాకు, నీ హైరమ్ ప్రేమతో రాసేది.

కొండ మీద మేమంతా కులాసా. లోయలో నువ్వూ, మీ అక్కా, నీ కడుపులోని బిడ్డా క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం పిండి బస్తాలతో పాటు పైకొచ్చింది. మోకాలి నొప్పి సంగతి అడిగావు. వంటామె ఎలుగుబంటి కొవ్వు రాసింది. నొప్పి పోయింది గానీ క్యాంపు కుక్కలన్నీ నా వెంటే తిరుగుతున్నాయి.

వారమంతా పొగమంచు. ఇంజను వదిలిన ఆవిరి ఎక్కడ ఆగుతుందో, మబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మన ఇంజను సంగతి నీకు తెలుసుగా, చప్పుడు వింటే దౌడు తీస్తోందనిపిస్తుంది, చూస్తే పక్కన మనిషి నడిచి రావచ్చు. వెనక దుంగల బళ్లు ఒక్కొక్కటే తెల్లదనంలో కరిగిపోతుంటాయి. ఒక్కోసారి పట్టాల పక్కనే నువ్వు ఆరిన దుప్పట్లు మడతపెడుతూ కనబడతావు. దగ్గరికొచ్చేసరికి చెట్టు.

జారిపోతున్న బండిని నేను ఆపానని ఊరంతా చెప్పుకుంటున్నారనీ, మగపిల్లాడైతే నా పేరే పెడతాననీ రాశావు. అది చదివాక రెండు రోజులు కలం పట్టలేకపోయాను. బండిని ఆపింది నేను కాదు లవీనా.

ఆ రోజు పట్టాల మీద తడి ఆకులు. ఏటి పైనున్న దిగుడులో చక్రాలు పట్టు తప్పాయి. ఇంజను నడుపుతున్న నేను "దూకండ్రా!" అని అరిచాను. బ్రేకుల వాళ్లిద్దరూ దూకారు. వాళ్ల వెనకే నేనూ పొదల్లోకి దూకాను. బొగ్గు వేసే సాంతే, ఆ ఇటలీ కుర్రవాడు, దూకలేదు. చక్రాలకు పట్టు దొరికేలా పట్టాల మీదికి ఇసుక వదిలి, ఇంజను మీట వెనక్కి లాగి, వంతెనకు పది గజాల ఇవతల బండిని నిలిపాడు. నేను పరుగున వచ్చి ఇంజనెక్కేసరికి అతను కిందికి దిగి చక్రాలు చూస్తున్నాడు. అప్పుడే వచ్చిన బ్రేకుల వాళ్లు మీట దగ్గర నన్ను చూసి, నేనే ఆపాననుకుని కావలించుకున్నారు. నేను నోరు మెదపలేదు. పదకొండు రోజులు మెదపలేదు.

నిన్న ఉదయం ఫలహారం దగ్గర, అందరి ముందూ లేచి చెప్పేశాను.

"నువ్వెందుకు చెప్పలేదురా?" అని వంటామె సాంతేని నిలదీసింది.

"ఏం చెప్పమంటావమ్మా? కింద ఏరుంది, నాకు ఈత రాదు. అందుకే దూకలేదు. అదీ గొప్పేనా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అతను నా వైపు చూసి మెల్లగా, "నువ్వు చెబుతావనే చూస్తున్నా అన్నా," అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

క్యాంపు దొర కళ్లెర్రజేశాడు. మీట సాంతేకి ఇచ్చి, పార నా చేతికిచ్చాడు. జీతం తగ్గుతుంది. ఊళ్లో నీకు తలవంపులు. అందుకు నన్ను క్షమించు.

మధ్యాహ్నం ఇద్దరం అదే దిగుడులో దిగాం. ఎడమవైపు మలుపులు అతని కిటికీలోంచి కనబడవు. బొగ్గు వేసేవాడే చూసి చెప్పాలి. మబ్బులోకి తల పెట్టి చూశాను.

"ఎలా ఉందన్నా?" అని కేకేశాడు.

"ఏమీ అడ్డం లేదు," అన్నాను.

అతను మరోసారి అడగలేదు. బండిని ముందుకు పోనిచ్చాడు.

ఇట్లు,
నీ భర్త,
బొగ్గు వేసే హైరమ్