వెళ్ళడానికి పదహారు, రావడానికి పదిహేడున్నర

అబూ హమూర్, దోహా
మార్చి 3

ప్రియమైన చెల్లి డయానాకు,

మీ ఇంటి మీద దేవుని కాపుదల ఉండాలని కోరుతూ అక్క రాస్తున్నది. ఫోన్‌లో అయితే పక్కనే అమ్మ వింటుంది. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను.

అమ్మను మూడు నెలలు ఆక్లండ్ పంపమన్నావు. ఇక్కడి నుంచి అక్కడికి పద్నాలుగున్నర వేల కిలోమీటర్లట. ఎక్కడా ఆగకుండా పదహారు గంటలు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆ మోకాళ్ళతో నాలుగు గంటలకు మించి కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏమీ అనుకోకు.

నీ అక్క,
జయకుమారి

ఆక్లండ్
మార్చి 5

ప్రియమైన అక్కా,

హైదరాబాద్ నుంచి దోహాకు నాలుగున్నర గంటలు. అప్పుడు అమ్మ నిలబడి వచ్చిందా? మోకాళ్ళు బాగున్నాయి, బాగా నడవమని డాక్టరు అన్నాడని మొన్న అమ్మే నాతో చెప్పింది. మూడేళ్ళుగా నీ దగ్గరే ఉంది. అమ్మేమన్నా నీ పెళ్ళిచీరా, బీరువాలో దాచుకోవడానికి?

కోపంతోనే అయినా ప్రేమతో,
డయానా

అబూ హమూర్
మార్చి 14

ప్రియమైన డయానా,

ఇన్నాళ్ళూ బదులు రాయలేకపోయాను. డాక్టరు ఆ మాట అనలేదు. అబద్ధం రాసిన చేత్తో ప్రభువు రొట్టె అందుకోలేక, ఇక్కడి చర్చిలో శుక్రవారం జరిగే ఆరాధనలో ప్రభు బల్ల దగ్గరకు వెళ్ళకుండా వెనక బెంచీలో ఉండిపోయాను. ఎందుకని అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను. అది రెండో అబద్ధం.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అమ్మ రోజూ, "తండ్రీ, నా డయానాను కాపాడు" అంటుంది. నా పేరు రాదు. మోకాళ్ళకు నూనె రాసేది నేను. చేపలో ముల్లు తీసి పెట్టేది నేను. ఇవాళైనా వస్తుందేమోనని కళ్ళు మూసుకుని ఎదురుచూస్తాను. ఈలోగా ఆమెన్ అనేస్తుంది. యాభై ఏళ్ళు వచ్చాయి, సొంత చెల్లెలిని చూసి కుళ్ళుకుంటున్నాను.

టికెట్ తీశాం. 20న బయల్దేరుతుంది. వెళ్ళడానికి పదహారు గంటలే, రావడానికి మాత్రం పదిహేడున్నర. ఎదురుగాలట. విమానం కూడా నీ వైపుకే తొందరపడుతుంది.

క్షమించు.
జయ

ఆక్లండ్
ఏప్రిల్ 2

ప్రియమైన అక్కా,

అమ్మ క్షేమం. పదహారు గంటల్లో పదకొండు నిద్రపోయిందట.

నీ ఉత్తరం అమ్మకు చూపించలేదు. వచ్చిన సాయంత్రమే ప్రార్థనకు కూర్చున్నాం. ఇన్నాళ్ళకు నా పేరు నా చెవులతో వింటానని ఆశపడ్డాను. "తండ్రీ, దోహాలో ఉన్న నా జయమ్మను కాపాడు" అంది. అంతే, ఆమెన్. పన్నెండు రోజులుగా ఇదే వరస.

నిన్న ఉండబట్టలేక అడిగాను, "నా పేరేదమ్మా?" అని.

"నువ్వు నా కళ్ళ ముందే ఉన్నావుగా. నిన్ను నేను చూసుకోలేనా? నా చెయ్యి అందనిదాన్నే ఆయనకు అప్పజెప్పేది" అంది, నా జడ అల్లుతూ.

నవ్వకక్కా. ఇప్పుడు కుళ్ళు నాది. తిరుగు ప్రయాణం పదిహేడున్నర గంటలని చెప్పాను. "ఆ గంటన్నర ఎందుకే ఎక్కువ?" అని రెండుసార్లు అడిగింది.

నీ చెల్లి,
డయానా