దయ్యానికి కాళ్ళు

అక్కా, వేళకు తింటున్నాను, బెంగపడకు.

బళ్ళో నిన్న పిల్లలకు నవ్వే దయ్యం బొమ్మ నేర్పాను. గ్లాసు బోర్లించినట్టు గీసి, కింది అంచు అలలా తిప్పితే చాలు, కాళ్ళతో పనిలేదు. తల్లి పోయిన పిల్ల ఒకతె కాళ్ళు పెట్టింది. "దయ్యాల పాదాలు వెనక్కి ఉంటాయట కదా సార్! అలాగైతే మా అమ్మ ఇంటికని బయల్దేరినా దూరమే పోతుంది. అందుకే ముందుకు పెట్టాను," అంది. సుద్దముక్క అక్కడే వదిలి బయటికొచ్చేశాను. ఈ పని ఇక నా వల్ల కాదక్కా.

బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ముద్దులు.

నీ మరదలు పోయి ఏడాదైంది, ఊళ్ళో నువ్వు చూసుకుంటున్న మా ఇంటి గుమ్మంలో తన చెప్పులు తీసేయనా అని రాశావు. తీయకు. ఇంటి లోపలి వైపు తిప్పి పెట్టు.

నీ తమ్ముడు