ఇప్పచెట్టు కింద పరీక్ష

మార్చి 23
తర్లగూడ వైద్య శిబిరం. చివరగా వచ్చినది ముత్తమ్మ — అరవై దాటిన మనిషి, కోడలు సమ్మక్క చేయి పట్టుకుని. జబ్బని కాదు, దొంగతనం నింద మీద. మూడు రోజులుగా ఎర్రయ్య చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతోందట. ఇక్కడ ఏ చెట్టు ఏ ఇంటిదో పసిపిల్లలకూ తెలుసు. ఆదివారం పంచాయితీ, తప్పు తేలితే ఆమె చెట్లు ఈ ఏటికి మరొకరి పాలు.

మరుపేమోనని, జ్ఞాపకశక్తి పరీక్ష ప్రశ్నాపత్రం తెరిచాను. నేటి తేదీ — తెలియదు. గడియారం బొమ్మ — గీయలేదు. మార్కులు వేయబోయి ఆగాను. ఆమె ఏనాడు గడియారం చూసి లేచింది గనుక? కాగితం మూసి, పువ్వు ఏరే పని మొదటినుంచీ చెప్పమన్నాను. ఏరుతారట, గంపకెత్తుతారట, ఆరబోస్తారట... మరి చెట్టు కింద ఆకులు కాల్చేది?

"ఆరబోసినంక."

సమ్మక్క నవ్వబోయి ఆగిపోయింది. రాలుటాకు ముందే కాల్చి నేల శుభ్రం చేస్తేనే కదా పువ్వు కనబడేది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ చేస్తున్న పని — వరుస తప్పింది.

వానాకాలం నుంచి అడిగిందే అడుగుతోందట. కూరలో ఉప్పు రెండుసార్లు. ముసలితనమనుకున్నారు.

మార్చి 24
ముత్తమ్మ రక్తం పరీక్షకు జగదల్‌పూర్‌కు పంపాను. సమ్మక్కకు నేనింకా ఏదీ తేల్చి చెప్పలేదు.

మార్చి 26
పంచాయితీ. మాట్లాడటానికి ముత్తమ్మ అనుమతి అడిగాను, తల ఊపింది. మరుపు సంగతి వివరించాను. ఎర్రయ్య ఒప్పుకోలేదు — "మరుపైతె, రోజూ నా చెట్టే ఎట్ల యాదికొస్తది డాక్టరమ్మా?"

న్యాయమైన ప్రశ్న. నీ చెట్టు చూపించమని ఆమెనే అడిగాను. ఊరంతా వెంట నడిచింది. ఆమె ఒక మలుపు ముందే తిరిగి, ఎర్రయ్య చెట్టు మొదట్లో కూర్చుని, అతన్నే పిలిచింది.

"రా తమ్మీ, మా చెట్టు కింద సల్లగుంటది. కూసో."

ఎవరూ నవ్వలేదు. ఎర్రయ్య కూర్చున్నాడు. పంచాయితీ నడుపుతున్న ఊరిపెద్ద పటేల్‌తో అన్నాడు: "రేపటిసంది అక్కను ఆమె చెట్టు కాడికి నేనే తోల్కపోత."

చెట్లు ఈ ఏడూ ఆమెవే! కిరండూల్ దాకా జీపులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 4
రిపోర్టు. థైరాయిడ్ బాగా తక్కువ. మాత్రలు మొదలు. మరుపులో కొంత దీనిదే కావచ్చు, అంతా కాకపోవచ్చు — రెండు మాటలూ సమ్మక్కకు చెప్పాను.

ఏప్రిల్ 19
ఎర్రయ్య మాట తప్పలేదు.

మే 21
సమ్మక్క ఆమెను కిరండూల్‌లో నా ఆసుపత్రికే తీసుకొచ్చింది. అవే ప్రశ్నలు. ఆకులు కాల్చడం — మొదటే చెప్పింది. నిర్ధారణ కోసం మళ్లీ అడిగాను. నా వంక జాలిగా చూసింది.

"ఏంది డాక్టరమ్మా, ఇప్పుడే చెప్పిన గద. నీకు గూడ మరుపొచ్చిందా?"

సమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నేనూ. అడిగినదే అడుగుతున్నానని ఆమె పట్టుకుంది — ఏ పరీక్షాపత్రంలోనూ లేని మార్కు, నిండుగా వేశాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఎటు వెళ్లాలో కోడలిని అడిగింది. కొత్త చోటు కావడం వల్లనా, ఇంకా మిగిలిన మరుపా... రాసుకున్నాను. ఆగస్టులో మళ్లీ చూడాలి.