ఎడమ పక్క పిడి

చిన్నా,

సిరియం నుంచి ఏరు దాటి వస్తూ నీ సంపాన్ పడవ తిరగబడి ఏడాదయింది. నిన్ననే నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ, నువ్వు రోజూ రేవుకెళ్లి అడిగిన కొత్త ప్రెస్సు ఓడ దిగింది.

పేల్చేసిన తూటాల గొట్టాల్లో మళ్లీ మందు దట్టించడానికి మనకు ఇన్నాళ్లూ ఉన్నది ఒక్క పాత ప్రెస్సే. తుపాకుల కొట్టులో బల్ల చిన్నది, రెండు పట్టవు. ఒకటి విప్పి ఇంకొకటి బిగించుకోవచ్చని, క్యాటలాగులో కొలత చూసి నువ్వు బల్లకి ముందే బెజ్జాలు వేశావు. ఇవాళ పాతది తీసి కొత్తది పెడితే బోల్టులన్నీ చక్కగా దిగిపోయాయి. "చూశావా నాన్నా!" అంటావని పక్కకి తిరిగాను.

పిడి మాత్రం నీ ఎడమచేతి వాటానికే వచ్చింది. నాకు కుదరదని రెంచీ తీసి, ప్రెస్సును కుడిచేతి పక్కకి తిప్పి బిగించబోయాను. అంతలో మీ అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది.

"ఏటి సేస్తన్నావు? తిప్పీకు. ఆడి సెయ్యి పడే పక్కే ఉండనీ" అంది. పిడికి బొట్టు పెట్టి, దాన్నే పట్టుకుని నిలబడిపోయింది.

రెంచీ కింద పెట్టేశాను.

ఈ వయసులో ఎడమచేత్తో నేర్చుకుంటున్నానురా. మొదటి తూటా మూతి వంకరపోయింది. చూస్తే పడీపడీ నవ్వేవాడివి.

మీ నాన్న